ముట్టని పళ్ళెం

మేనమామ గొప్పతనం గురించి బుకిట్టింగి ఊళ్ళో మాటలకు కరువు లేదు. కన్నబిడ్డను ఒళ్ళో పెట్టుకో, మేనకోడలిని చెయ్యి పట్టి నడిపించు అని సామెత. పెళ్ళిళ్ళలో మైకు దొరికిన ప్రతివాడూ దాన్ని ఒకసారి వల్లించి కూర్చుంటాడు. దస్రిల్ మేనకోడలు జహ్వాకు నాలుగేళ్ళు. ఆ పిల్లకు కావలసింది సామెత కాదు, లివర్‌లో ఒక ముక్క.

తల్లి రక్తం కలవలేదు. తండ్రి లివర్ ఎప్పుడో కామెర్లతో పాడైంది. మిగిలినవాడు మేనమామ ఒక్కడే. అతని రక్తం కలిసింది కానీ, లివర్‌కు కొవ్వు పట్టి ఉంది.

“ఇలాంటిది కోసి పిల్లకు పెట్టలేను,” అన్నాడు పడాంగ్ ఆసుపత్రి డాక్టరు. “కొవ్వు తగ్గించుకుని రండి. తొందరగా రండి. పాప ఎక్కువ రోజులు ఆగలేదు.”

దస్రిల్ కుట్టుపని దారాలు అమ్మే ఏజెంటు. ఊరూరా తిరిగే మనిషి, మధ్యాహ్నం తిండి ఎప్పుడూ హోటల్లోనే. అది కనుక్కుని డాక్టరు సులువుగా చెప్పాడు: అన్నం సగం, కాల్చిన చేప, ఉడికించిన ఆకుకూర. చక్కెర టీ మానెయ్యాలి. మాంసం, వేపుళ్ళు ముట్టుకోకూడదు.

దస్రిల్ ముట్టుకోలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

రెండోసారి స్కాన్ తీసినప్పుడు డాక్టరు తెర వంక చూసి పెదవి విరిచాడు. కొవ్వు ఉన్నచోటే ఉంది. వచ్చే నెల ఆఖరుసారి చూస్తానని, అప్పటికీ తగ్గకపోతే చేసేదేమీ లేదని చెప్పి ఫైలు మూశాడు.

జహ్వా తల్లి దెస్మీ, అతని చెల్లెలు, వరండా దాకా వెనకే వచ్చింది. అక్కడికి రాగానే అతని చొక్కా పట్టుకుంది.

“ఉదా,” అంది, అక్కడివాళ్ళు అన్నను పిలిచే పిలుపుతో, “కత్తంటే భయమైతే ఇప్పుడే చెప్పెయ్. అన్నవి కాబట్టి ఏమీ అనను.”

“భయమేంటే? నోరు కట్టుకుని చస్తున్నాను.”

“కట్టుకున్న నోరు అంత నున్నగా ఎలా ఉంది? నువ్వుంటున్న వదిన వాళ్ళింట్లో దొంగచాటుగా పెడుతున్నారా? తమ అల్లుణ్ణి కోస్తారంటే వాళ్ళకేం సరదానా?”

“వాళ్ళనెందుకు లాగుతావు? రాత్రిళ్ళు ఉడకబెట్టిన గుమ్మడికాయ తప్ప ఏం తింటున్నాను?”

“అయితే రేపు నీతో వస్తా. నువ్వు తింటుంటే చూస్తా.”

మర్నాడు మోటార్ సైకిల్ వెనక కూర్చుని పాయాకుంబూ దాకా వచ్చింది. హోటల్లో కూర్చున్నారో లేదో, సర్వరు భుజం నుంచి మణికట్టు దాకా పళ్ళేలు పేర్చుకుని వచ్చి, అడగకుండానే బల్లంతా పరిచేశాడు. ఇగిరిపోయిన పులుసులో మగ్గిన గొడ్డుమాంసం, కొబ్బరిపాలలో కోడి, వేపుడు ఊపిరితిత్తులు, కాల్చిన చేప, కర్రపెండలం ఆకు. ముట్టుకున్న పళ్ళేనికే డబ్బు. ముట్టుకోనిది లోపలికి వెనక్కి పోతుంది.

“చూసుకో,” అని దస్రిల్ సగం అన్నం తీసి పక్కన పెట్టాడు. చేపను దగ్గరికి లాక్కున్నాడు. మాంసం పళ్ళేన్ని వేలితో దూరం నెట్టాడు. పరీక్ష రాసే పిల్లవాడి మీద పంతులమ్మ పెట్టినట్టు దెస్మీ అతని చేతిమీదే కళ్ళు పెట్టింది.

తర్వాత అతను చెంచా తీసుకుని కోడి పళ్ళెంలోంచి అన్నం మీద పులుసు పోసుకున్నాడు. మరొక చెంచా. కొబ్బరిపాలు ఓడుతున్న ఆకు వేసుకుని, దాని అడుగున మిగిలినదీ ఒంపుకున్నాడు. కోడి తొడ మాత్రం వచ్చింది వచ్చినట్టే ఉంది.

“అదేంటి?” అంది దెస్మీ.

“ఏది?”

“ఆ పోసుకుంది.”

“పులుసు. మాంసం ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకున్నానా?” సర్వరును కేకేశాడు. “తమ్ముడూ, ఈ పళ్ళెం ముట్టుకున్నట్టా?”

“లేదు ఉదా. పులుసుకు లెక్క లేదుగా.”

దస్రిల్ గెలిచినవాడిలా చెల్లెలి వంక చూశాడు.

“వాళ్ళ లెక్క వాళ్ళది!” అని దెస్మీ ఒక్కసారిగా లేచింది. చుట్టూ తింటున్న చేతులు ఆగాయి. “నీ లివర్ బిల్లు చూసి కొవ్వు పట్టించుకుంటుందా? ఆ చెంచా చూడు. రోజూ కొబ్బరికాయ పిండి తాగుతూ, తొడ మిగిల్చానని సంబరమా?”

దస్రిల్ చెంచా చూశాడు. పసుపు పచ్చని నూనె అంచు పట్టుకుని వేలాడుతోంది. చిన్నప్పటి నుంచి లెక్కలో లేనిది, తిండి కిందకు ఎప్పుడూ రానిది. డాక్టరూ ఈ నేలవాడే. పులుసు మాట ఆయన నోటికీ తట్టలేదు. పోయిన వారాలు తనవి కావు, జహ్వావి. అది తోచగానే చెంచా కింద పెట్టి పళ్ళెం దూరం నెట్టాడు.

దెస్మీ కూలబడింది. “దొంగవనుకున్నాను. మొద్దువని తేలింది. దొంగవైనా బాగుండేది, తిట్టి ఊరుకునేదాన్ని.”

ఆ రోజు నుంచి దస్రిల్ హోటల్ గుమ్మంలోనే సర్వరును ఆపేవాడు. బల్ల మీద పరిస్తే తన చెయ్యి ఆగదని అతనికి తెలుసు.

“ఏదీ తేవద్దు. కాల్చిన చేప, నీళ్ళలో ఉడికిన ఆకు, సగం అన్నం.”

“పులుసు?”

“వద్దు.”

“పొడి అన్నమా? ఒంట్లో బాలేదా ఉదా? ఒక్క గరిటె, ఊరికే.”

“ఆ ఊరికేదే వద్దు.”

చొక్కా వదులవుతోంది. లోపల ఏం జరుగుతోందో చొక్కాకేం తెలుసు? జహ్వా కళ్ళు మాత్రం రోజురోజుకీ పచ్చబడుతున్నాయి. స్కాన్‌కు వారం ఉందనగా హాజీ మునాఫ్, దస్రిల్ దారాలు అందరికంటే ఎక్కువ కొనే షావుకారు, అతన్ని భోజనానికి కూర్చోబెట్టాడు. తన చేత్తో మాంసం పులుసు గరిటెడు ఎత్తాడు. షావుకారు వడ్డిస్తే కాదన్నవాడు ఆ బజారులో లేడు. దస్రిల్ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. పులుసు చెయ్యి మీద పడి కాలింది.

“ఏంటిది? నా ఇంటి వంట పనికిరాలేదా?”

“ఈ పళ్ళెం నాది కాదు హాజీ. మా మేనకోడలిది.” సంగతంతా చెప్పాడు.

హాజీ గరిటె గిన్నెలో పడేశాడు. “ముందే ఏడవొచ్చు కదరా. చెయ్యి నీళ్ళలో పెట్టు.”

ఆఖరి స్కాన్ రోజు డాక్టరు తెర ముందు చాలాసేపు కూర్చున్నాడు. దెస్మీ కుర్చీ అంచుకు జరిగి తెర వంక మెడ చాచింది. ఆయన ఒకసారి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“సరిపోతుంది,” అన్నాడు. “గురువారం చేద్దాం. అప్పటిదాకా ఇలాగే తినండి.”

ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చునేసరికి, దస్రిల్ నోరు తెరిచేలోగానే బల్ల నిండిపోయింది. దెస్మీ పులుసు పళ్ళేలన్నీ ఒక్కొక్కటే తన వైపు లాక్కుని, వాటి ముందు మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఇంకా నమ్మకం లేదా?”

“గురువారం దాకా లేదు. చేప తిను.”

అతను ముళ్ళు తీసుకుంటూ మెల్లగా తిన్నాడు. లెక్క చూడటానికి వచ్చిన సర్వరు ఆమె మోచేతి వెనక ఉన్న పళ్ళేలు చూసి, అక్కను పిలిచే పిలుపుతో అడిగాడు: “ఇవి ముట్టుకున్నారా ఉని?”

“లేదు,” అంది దెస్మీ. “ఈసారి నిజంగానే.”