పక్క సీటులో ఉప్పు బస్తాలు

ఎర్నో తకాచ్‌కి ఏ పనీ ఓ మాదిరిగా చేయడం చేతకాదు. అమెరికాలో టొలీడో ఊళ్లో నదికి తూర్పున, హంగరీవాళ్ల పేటలో అతన్ని ఎరగని ఇల్లు లేదు. ఎవరింట్లో ఏది పాడైనా అతన్నే పిలుస్తారు. వచ్చాక మళ్లీ ఎప్పుడు వెళతాడన్నది మాత్రం ఆ దేవుడికే తెలియాలి. వంటింటి కుళాయి కారుతోందని ఒక ముసలావిడ పిలిస్తే, సాయంత్రానికి గోడ తవ్వి గొట్టాలన్నీ బయటపెట్టి కూర్చున్నాడు.

"కారితే కారింది గానీ నీళ్లొచ్చేవి నాయనా, ఇప్పుడు అవీ లేవు" అని ఆవిడ మొత్తుకుంది.

"రెండ్రోజులు ఓర్చుకోండి. మీరు పోయినా ఈ గొట్టాలు పోవు" అన్నాడు ఎర్నో. నిజానికి అలాగే జరిగింది.

ఉద్యోగం చేసినంతకాలం కార్ల ఫ్యాక్టరీలోనే చేశాడు. మనసు పడింది మాత్రం జపాన్ బండి మీద. పెళ్లయిన కొత్తలో కొన్న డాట్సన్ అది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నారింజ రంగు. విదేశీ బండిని యూనియన్‌వాళ్లు గేటు దగ్గరికి కూడా రానిచ్చేవాళ్లు కాదు. చర్చి వెనకాల నిలబెట్టి, మంచులో కాళ్లీడ్చుకుంటూ డ్యూటీకి వెళ్లేవాడు. "ఏరా ఎర్నో, నీ బండికి ఇంగ్లీషు నేర్పావా లేదా?" అని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. నవ్వి ఊరుకునేవాడు తప్ప బండి మార్చలేదు.

ఆ బండిలో అతని భార్య పిరోష్కా తిరిగింది ఒకే ఒక్క వేసవి. ఆదివారం చర్చి కాగానే ఇద్దరూ ఈరీ సరస్సు ఒడ్డుకు వెళ్లేవాళ్లు. వేయించిన పెర్చ్ చేపలు కాగితంలో కట్టించుకుని, వేడివేడిగా బానెట్ మీద పరుచుకుని తినేవాళ్లు. నూనె మరకలు పడుతున్నాయని ఎర్నో గోల పెట్టేవాడు, ఆవిడ కావాలనే ఇంకో చేప పెట్టేది. ఆ వేసవి చివర ఒక రోజు తిరిగొస్తుంటే వాన పట్టుకుంది. నది మలుపులో వెనక చక్రాలు పట్టు తప్పాయి. బండి గిర్రున తిరిగి కాలవలోకి దిగిపోయింది. ఎర్నోకి గీత కూడా పడలేదు. పిరోష్కాకి భుజం దగ్గర ఎముక విరిగింది.

కట్టు విప్పకముందే ఆవిడ ఆ సంగతిని నలుగురికీ నవ్వుతూ చెప్పుకుంది. ఎర్నో నవ్వలేకపోయాడు. "ఆ సన్నటి టైర్లతో నిన్ను మళ్లీ ఎక్కించను. వెనకాల వెడల్పు చక్రాలు వేశాకే ఎక్కుదువుగాని" అన్నాడు. అప్పటికి అతను కుర్రవాడు. ఆ తర్వాత తల్లికి పక్షవాతం వచ్చింది, ఇంటి పైకప్పు కూలింది, ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు పడ్డాయి. పిల్లలు పుట్టలేదు. బండి గరాజులో దుప్పటి కప్పుకుని పడుకుంది. ఎప్పుడైనా బయటికి తీసినా అతనొక్కడే ఊరు చుట్టి వచ్చేవాడు. అలా అలా జుట్టు నెరిసింది, రిటైరయ్యాడు, మాట మాత్రం మాటగానే ఉండిపోయింది.

ఆ ఏడు ఆగస్టులో పిరోష్కాకి డాక్టరు చెప్పకూడని మాట చెప్పాడు. కడుపులో కాన్సర్, బాగా ముదిరింది, కోసినా లాభం లేదు. ఆస్పత్రికి వెంట వెళ్లినవాడు ఆవిడ తమ్ముడు డెజో. ఏనుగంత మనిషి, నోరు ఊరుకోని మనిషి, ఆ రోజు మాత్రం పార్కింగులో బావురుమన్నాడు. ఎర్నోకి చెప్పనని అక్కడే అమ్మ మీద ఒట్టు వేయించుకుంది పిరోష్కా.

"ఎందుకక్కా? మొగుడికి చెప్పకపోతే ఎవరికి చెప్తావు?"

"చెప్తే నన్ను బాగుచెయ్యడం మొదలెడతాడు. ఆ ముసలావిడ కుళాయిని చేసినట్టు. నా వల్ల కాదురా. ఒక్కసారి ఆ బండెక్కి సరస్సుకెళ్లి చేపలు తినాలి. రోగిష్టిదానిలా కాదు, పెళ్లాంలా ఎక్కాలి."

ఆ సాయంత్రం మిరపపొడి దట్టంగా వేసిన కోడికూర వడ్డిస్తూ ఆవిడ ఎర్నోని అడిగింది. "ఓ ఎండ రోజు చూసి, ఆ బండిలో సరస్సుకి తీసుకెళ్తావా?"

ఎర్నో మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో ఆవిడ నోరు తెరిచి అడగడం అదే మొదలు. "తీసుకెళ్తా. చక్రాలు మార్చి తీసుకెళ్తా."

"ఉన్నవాటితోనే వెళ్దాం ఎర్నో. ఆ బండి మీద నాకేం కోపం లేదు."

"నా మీద నాకుంది" అన్నాడు అతను, ఇంకో గరిటె కూర వేసుకుంటూ. ఆవిడ ఇక మాట పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

వెడల్పు చక్రాలు రెండు దొరికేసరికి సెప్టెంబరు సగమైంది. జాకీ మీద లేపి బిగిస్తే అచ్చం ఆ బండి కోసమే పుట్టినట్టు కుదిరాయి. కానీ జాకీ మీద కుదరడం కుదరడం కాదని ఎర్నోకి తెలుసు. నేల మీదికి దించాలి, మనుషులు కూర్చోవాలి, అప్పుడు బండి ఎంత కిందికి కుంగుతుందో చూడాలి. లోపలివైపు స్ప్రింగుకీ టైరుకీ మధ్య వేలు దూరేంత జాగా ఉంది. చిక్కల్లా బయటివైపే. చక్రం మీది రేకు అంచు లోపలికి మడిచి ఉంటుంది. బరువు పడితే ఆ మడత టైరుని కోస్తుంది.

తన బరువు తనే కూర్చుంటే సరి. పక్క సీటు బరువు కావాలి. వంటింట్లోకి వచ్చి అడిగాడు. "నీ బరువెంత?"

"ఈ వయసులో పెళ్లాన్ని బరువడుగుతావా, సిగ్గులేదూ?"

"నాక్కాదు, బండికి కావాలి."

పిరోష్కా అప్పటికి కొన్నాళ్లుగా అతని పాత స్వెటర్లే తొడుక్కుంటోంది. చలి అంటోంది. పోయినేటి బరువు చెప్పింది. "నూట నలభై పౌన్లు. పేటంతా చాటకు."

నేలమాళిగలో, నీళ్లలో సున్నం తీసే మిషనుకి పోసే ఉప్పు బస్తాలుంటాయి, ఒక్కోటి నలభై పౌన్లు. మూడున్నర బస్తాలు. ఎర్నో ఒక్కోటీ భుజాన వేసుకుని పైకి మోసుకొచ్చి పక్క సీటులో పేర్చాడు. ముందు రెండు, ఆ పైన సగానికి కోసి కట్టినది. టైరుకీ రేకుకీ మధ్య పోస్టుకార్డు పెట్టి చూస్తే హాయిగా తిరిగింది. ఆఖరి బస్తా పెట్టగానే కార్డు ఇరుక్కుపోయింది. లాగితే చిరిగింది.

"తగుల్తోంది" అన్నాడు ఎర్నో, దొంగ దొరికినంత సంతోషంగా.

గరాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్న పిరోష్కా నవ్వింది. "నేనంత లావా?"

ఇలాంటి రేకు మడత అణచడానికి ఆ చుట్టుపక్కల అందరూ చేసేది ఒకటే. బేస్‌బాల్ బ్యాటు తెచ్చి టైరుకీ రేకుకీ నడుమ దూర్చి పట్టుకుంటారు. ఇంకొకరు బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా తోస్తారు. టైరుతోపాటు బ్యాటు దొర్లి, మడతని అప్పడాల కర్రలా పైకి ఒత్తేస్తుంది. ముందుగా రేకుని వెచ్చబెట్టాలి, లేకపోతే రంగు పగులుతుంది. తోసేవాడు తొందరపడకూడదు.

తోయడానికి డెజో వచ్చాడు. అప్పటికి అక్టోబరు, గాలిలో చలి దిగింది.

"బావా, ఇదంతా దేనికి? ఉన్నపళంగా అక్కని ఎక్కించుకుని పో. ఇవాళ ఎండ కూడా ఉంది."

"బామ్మర్దీ, తోయడానికి పిలిచా, సలహాలకి కాదు."

"నీ తలకాయలో కూడా ఆ ఉప్పే ఉంది బావా."

"తొయ్యి. మెల్లగా."

డెజో తోస్తూ గుమ్మం వైపు చూశాడు. అక్క కాఫీ, గసగసాల రొట్టె పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్లెం బరువు ఆపలేక ఆవిడ గుమ్మానికి ఆనుకుంది. ఎవరి మీదో తెలియని కోపంతో బండిని ఒక్క తోపు తోశాడు. బ్యాటు ఎగిరిపడింది. రేకు సొట్టపోయి, చక్రం చుట్టూ నారింజ రంగు పెచ్చులుగా రాలింది.

ఎర్నో తిట్టలేదు. చేత్తో తడిమి, "ఇంకో రెండు వారాలు" అన్నాడు అంతే.

"పగిలితే పగిలింది! అలాగే వెళ్లు బావా, నీకు దణ్ణం పెడతా!"

"చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. వట్టి రేకుకి తుప్పు పట్టదూ? ఏమయిందిరా నీకివాళ?"

డెజో నోరు తెరిచాడు. పిరోష్కా గుమ్మంలోంచి తల అడ్డంగా ఊపింది. అతను రొట్టెముక్క నోట్లో కుక్కుకుని, పెరట్లోకి పోయి నిలబడ్డాడు.

సొట్ట తీయడం, లప్పం పెట్టడం, రుద్దడం, మళ్లీ పెట్టడం. ఆ నారింజ రంగు కలపడం కుదరక రెండుసార్లు చెరిపాడు. చలికి రంగు ఆరలేదు. పిరోష్కా రోజూ ఒకసారి వచ్చి "అయిందా?" అని అడిగేది. "వచ్చే ఆదివారం" అనేవాడు. కొన్నాళ్లకి కుర్చీ గరాజులోంచి వంటింటి కిటికీ దగ్గరికి మారింది. అక్కడినుంచే అద్దం మీద వేలితో కొట్టి కనుబొమలు ఎగరేసేది. అతను లోపలినుంచి రంగు పూసిన వేలు చూపించేవాడు. ఆవిడ తిండి తగ్గించిందని అతనికి తెలియకపోలేదు. అడిగితే "పండగకి కొత్త గౌను పట్టాలి కదా" అంది. నమ్మాడు. పనిలో తల దూర్చిన మనిషికి నమ్మడం సులువు.

నవంబరులో ఒక ఆదివారం ఎండ కాసింది. బస్తాలన్నీ దింపి, సీటు తడిగుడ్డతో తుడిచి, బండి వీధిలోకి తీసి, ఎర్నో ఆవిడ కోటు చేత పట్టుకుని లోపలికి వచ్చాడు. పిరోష్కా లిప్‌స్టిక్ వేసుకుని, పూల రుమాలు తలకి కట్టుకుని ఉంది. వంటింటి నేల మీద పక్కకి ఒరిగి పడి ఉంది.

ఆస్పత్రిలో మంచానికే తూకం ఉంది. నర్సు మీట నొక్కి పైకి చదివింది. "తొంభై ఆరు పౌన్లు. ఆగస్టులో తొంభై తొమ్మిది."

తర్వాత డాక్టరు వచ్చి చాలాసేపు చెప్పాడు. ఏ జబ్బు, ఎప్పటినుంచి, ఇంకెన్నాళ్లు. ఎర్నో చెవిలో ఒక్క ముక్క దూరలేదు. అతని బుర్ర అతన్ని అడగకుండానే లెక్క కట్టేసింది. ఆగస్టులోనే రెండున్నర బస్తాల లోపు. రెండున్నర బస్తాలకి కార్డు హాయిగా తిరిగింది. బ్యాటు అక్కర్లేదు, రంగు అక్కర్లేదు. ఆ సెప్టెంబరులో, ఆ ఎండలో, ఆ నిమిషాన తలుపు తీసి కూర్చోబెట్టుకుంటే సరిపోయేది.

పిరోష్కాకి తెలివి వచ్చాక మంచం పక్కన కూర్చున్నాడు. "నూట నలభై అన్నావు."

"పోయినేడు అంతే ఉన్నాగా." ఆవిడ అతని చెయ్యి వెతికి పట్టుకుంది. "కోపం తెచ్చుకోకు. చెప్తే బండి వదిలేసి డాక్టర్ల వెంట తిరిగేవాడివి. నువ్వా బస్తాలు ఒక్కోటీ సీటులో పడుకోబెడుతుంటే చూడ్డం నాకెంత బాగుండేదో తెలుసా? పసిపిల్లని దించినట్టు దించేవాడివి."

ఎర్నో రెండో చేత్తో దుప్పటి ఆవిడ భుజాల దాకా లాగాడు.

"ఇప్పుడు తగుల్తోందా టైరు?" అంది పిరోష్కా.

చెప్పేయాలనిపించింది. అసలు నీకు ఎప్పుడూ తగిలేది కాదని. ఆవిడ కళ్లలోకి చూసి, జీవితంలో మొదటిసారి ఒక తప్పుని సరిచెయ్యకుండా వదిలేశాడు. "లేదు. ఎంత బరువు పెట్టినా తగలదు" అన్నాడు.

"చూశావా, అనుకున్నది సాధించావు" అంది పిరోష్కా, అతని మీద గర్వంగా.

సరస్సు మీద మంచు గడ్డకట్టకముందే ఆవిడ పోయింది.

ఆ శీతాకాలమంతా డెజో బావ మొహం చూడలేక ఆ వీధికే రాలేదు. వసంతంలో ఎర్నోయే ఫోన్ చేసి రమ్మన్నాడు. వచ్చేసరికి బండి బయట ఉంది. "ఎక్కు" అన్నాడు. డెజో ఎక్కితే బండి ఒక పక్కకి కుంగింది. అతని ఒక్కడి బరువూ ఆరు బస్తాల పైమాటే.

నది మలుపు తిరిగారు. వెనక చక్రాలు రోడ్డుని అంటిపెట్టుకున్నాయి. రైలు పట్టాల దగ్గర బండి ఎగిరి దభీమని దిగింది. ఎక్కడా టైరు గీసుకున్న చప్పుడు లేదు. సరస్సు ఒడ్డున ఆపి చేపలు కట్టించుకొచ్చాడు ఎర్నో. పొట్లం బానెట్ మీద విప్పి పెట్టాడు. నూనె రంగు మీదికి కారుతోంది. అతను తుడవలేదు.

డెజో చేప ముట్టుకోలేకపోయాడు. "నాకు తెలుసు బావా. ఆగస్టు నుంచీ తెలుసు. ఒట్టు వేయించుకుంది. నేనా తోపు తొయ్యకపోతే..."

"నీ తోపు కాదురా."

"ఎంత బాగా చేశావు బావా. నాలాంటి ఏనుగు కూర్చున్నా టైరు గీసుకోలేదు. అక్కే ఉండుంటే..."

"మీ అక్కకి ఇదేం అక్కర్లేదురా" అన్నాడు ఎర్నో. "నేనా ఆఖరి బస్తా పెట్టకుండా ఉంటే సరిపోయేది."

డెజోకి ఆ మాట అర్థం కాలేదు. అడుగుదామని తిరిగి చూస్తే, బావ రెండు చేతులూ రేకు మీద ఆనించి, భుజాలు అదిరిపోయేలా ఏడుస్తున్నాడు. అతని ముందు చేపలు చల్లారిపోతున్నాయి.