ఇప్పనూనె మీద ఒక పేజీ

మావారు పోయాక బట్టలు పంచడం, పుస్తకాలు సర్దడం త్వరగానే అయిపోయాయి. వైద్య పత్రికకు పంపడానికి ఆయన రాసిన ఒక్క పేజీ మాత్రం నా మీద ఉండిపోయింది.

ఈ గనుల టౌన్‌షిప్ ఆసుపత్రిలో ఆయన మూర్ఛ రోగులకు ఈఈజీ తీసేవారు. తల మీద చిన్న బిళ్లలు అతికించి, మెదడు తరంగాలను గీతలుగా రాబట్టే పరీక్ష అది. తలస్నానం చేసి రమ్మని చెప్పేవారు. పామేడు వైపు అడవి పల్లెల ఆడవాళ్లు చక్కగా చేసేవారు. ఆపైన ఇప్పగింజల నూనె పట్టించి, నున్నగా దువ్వుకుని జీపెక్కేవారు. బిళ్లలు జారేవి, లేని జబ్బు గీతల్లో కనిపించేది. కూతుర్ని తెచ్చిన ఒక తల్లిని నూనె ఎందుకు రాశావని ఆయన అడిగితే, ఆమె ఆయన్నే వింతగా చూసింది.

"పెద్ద దవాఖానకు నూనె లేని తలతోని తోలుకొస్తరా ఏంది సారూ? తల్లి లేని పిల్ల అనుకోరా?"

ఆ తర్వాత నుంచి ఆయన ఆసుపత్రి వరండాలో కుంకుడుకాయలు, వేడినీళ్లు పెట్టించారు. ఎండలో తలలు ఆరాక మధ్యాహ్నం పరీక్ష. నూనెతో వచ్చిన గీతలనూ, కడిగాక వచ్చినవాటినీ పక్కపక్కన పెట్టి రాసిన పేజీ అది.

ఆయన ఉండగానే అది తిరిగొచ్చింది. తర్వాత నేను పంపినా తిరిగొచ్చింది. లైబ్రరీలో పనిచేసినదాన్ని, కారణం తెలుసు. ఈ రంగంలో ఒకప్పుడు ఒక్క రోగి గురించి రాసినా వేసేవారు. ఇప్పుడు ఎన్నో ఆసుపత్రుల రికార్డులు ఒకచోట పోసి, వాటిని చదవడం కంప్యూటర్‌కు నేర్పే వ్యాసాలే ఎక్కువ. మా వరండాకు అందులో చోటెక్కడ? ఆ పేజీ అచ్చు కాకపోతే ఆయన పని ఆయనతోనే పోతుందని నా భయం.

చివరికి ఒక సంపాదకురాలు తీసుకుంది. కంప్యూటర్‌కు ఇచ్చే రికార్డుల్లో ఇలాంటి నూనె గీతలూ కలుస్తున్నాయట. అవి జబ్బు కాదని ఎవరో ఒకరు రాసిపెట్టాలట. నేను ఇన్నాళ్లూ తిట్టుకున్న కంప్యూటర్లే దానికి చోటిప్పించాయి.

ఆమె పంపిన మెయిల్ రెండుసార్లు చదివి, ఆసుపత్రి ఆయాకు చెప్పడానికి వెళ్లాను. వరండాలో అందరి తలలూ రుద్దేది ఆమే. సార్ రాసింది నూనె గురించేనా అని అడిగింది. అవునన్నాను.

"గింత దానికి గన్ని రోజులు తిప్పిన్రా అమ్మా? సదివెటోళ్లు నూనె రాసుకోరా ఏంది?"

నవ్వొచ్చింది. ఆమె అప్పటికే పరీక్షకొచ్చిన ఒక పిల్ల జడ విప్పుతోంది. నూనె బాగా పట్టించినట్టుంది, కుంకుడు రసం మళ్లీ పోయాల్సి వచ్చింది. చెంబు నేను అందుకున్నాను. మధ్యాహ్నానికి ఆరుతుందిలే అన్నాను.