ట్యాంకరు లేని పరుగు

మా కాలనీలో ఆడమనిషి పరిగెత్తిందంటే దానికి ఒకటే అర్థం, నీళ్ళొచ్చాయని. రెండు వేల సంవత్సరం దాటాక వానలు వరసగా మొండికేసిన కాలం అది. అనంతపురం ఊరి చివర, తాడిపత్రి రోడ్డు పక్కన మా ఇల్లు. కుళాయి పేరుకే మిగిలింది. నీళ్ళ ట్యాంకరు రెండు రోజులకో నాలుగు రోజులకో వచ్చేది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ముందు ఉరికినవాళ్ళ బిందెలు నిండేవి.

అలాంటి చోట నేను ఏ పనీ లేకుండా పరిగెత్తేదాన్ని.

కాలేజీలో ఉన్నప్పుడు దూరపు పరుగులు పరిగెత్తాను. పెళ్ళి, కాన్పు అయ్యాక బూట్లు అటకెక్కాయి. మా ఆయన తాడిపత్రిలో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి, శనివారాలు మాత్రమే వచ్చేవాడు. మిగతా రోజులు ఇంట్లో నేను, అత్త, పాప. పాప ఊపిరి పీలుస్తోందో లేదోనని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషిని నేను. పాపకు ఏడో నెలలో ఒక తెల్లవారుజామున బూట్లు దించాను. పరిగెత్తే ఆ గంటసేపు మాత్రం అలా వేలు పెట్టి చూడాలని అనిపించేది కాదు. రెండో కిలోమీటరు దాటాక భయం కూడా కాళ్ళలోకి దిగి అలసిపోయేది.

బండల లారీలు పక్కనుంచి పోయేవి. మోటారు సైకిళ్ళ మీద పోయే పెద్దమనుషులు ఆగి, "ఎక్కు పాపా, ఆస్పత్రికేనా? ఎవరికి బాగలేదు?" అని అడిగేవారు. ఎవరికీ ఏమీ కాలేదంటే నమ్మేవాళ్ళు కాదు.

అత్త గొడవ వేరు. "పాలిచ్చే దానివి. అట్ల చెమటంతా కార్చుకుంటే పాలేడుంటాయి మే? ఇంకిపోతాయి."

పైకి నవ్వేదాన్ని. కానీ చుట్టూ బోర్లు ఒక్కొక్కటే ఇంకిపోతున్న చోట ఆ మాట వినడం వేరు. తొమ్మిదో నెలలో అంగన్‌వాడీలో తూకం వేస్తే పాప బరువు ముందు నెలకన్నా కాస్త తగ్గింది. ఆ రోజే అనుకున్నాను, వచ్చే నెల తూకంలో పెరగకపోతే పరుగు మానేయాలని. బెంగళూరులో ఇరవయ్యొక్క కిలోమీటర్ల పరుగు ఉందని నా కాలేజీ స్నేహితురాలు రాసింది, నా పేరు కూడా ఇచ్చేసింది. పాప బరువు పెరగకపోతే అదీ లేనట్టే.

ఆ నెల మధ్యలో ఒక ఉదయం మా కాలనీ చివరి సందు దాటి రోడ్డెక్కాను. వెనక టపటపమని శబ్దం. లారీ ఏదో అనుకొని పక్కకు జరిగాను. శబ్దం దాటిపోలేదు. తిరిగి చూస్తే ఎనిమిది మంది ఆడవాళ్ళు, చంకల్లో ప్లాస్టిక్ బిందెలు, కొంగులు బిగించి నా వెంట వస్తున్నారు. నేను ఆగాను. వాళ్ళూ ఆగారు.

అందరికన్నా ముందున్నది మూలింటామె. రొప్పుతూ అడిగింది. "యాడుండాది మే?"

"ఏమక్కా?"

"ట్యాంకరు."

"ట్యాంకరు లేదక్కా."

"మల్ల యాడికి ఉరుకుతాండావు?"

"ఒట్టిగనే అక్కా. ఒంటికి మంచిదని."

చంకల్లోని బిందెలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"ఒంటికి మంచిదంట," అంది వెనక నుంచి ఒకామె. "నేను పొయ్యి మింద పాలు ఇడిచిపెట్టి వచ్చినా. అవి పొంగి పొయ్యి ఒంటికి మంచి చేసుంటాయి."

"నా చెప్పు తెగిపాయ. పిచ్చికుక్క తరిమినా ఇంత దూరం ఉరికేదాన్ని కాదు."

ఆ రోజు పరుగు అక్కడితో ఆగిపోయింది. అందరం కలిసి నడుచుకుంటూ వెనక్కి వచ్చాం. ఒట్టి బిందెలు మోకాళ్ళకు కొట్టుకుంటుంటే దారంతా నన్ను తిడుతూనే ఉన్నారు. నేరుగా మా ఇంటికే వచ్చి అత్తకు చెప్పారు. అత్త పాపను భుజాన వేసుకొని విన్నది. "నేను చెప్తే వినల్యా. మీరన్నా చెప్పండమ్మా," అంది. ఇక అయిపోయిందనుకున్నాను.

మూలింటామె బిందె పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంది. "రోజూ యాడిదంకా పోతావు?"

"ట్యాంకర్లు నింపే బోరు దంకా."

"ఆడికా? నాలుగు కిలోమీటర్లుండాదే. మల్ల ఆడ ట్యాంకరు నిలబడుండేది కనపడుతుందా?"

"కనపడుతుందక్కా."

అంతే. మరునాటి నుంచి నాకు ఉద్యోగం దొరికింది. బోరు దగ్గరికి పోవడం, పంపు చూసుకునే ఆయన్ను "అన్నా, ఈ పొద్దు మా కాలనీకుండాదా?" అని అడగడం, తిరిగి రావడం. ఉంటే సందు మొదట్లో చెయ్యెత్తేదాన్ని. లేకపోతే చేతులు దించుకొని వచ్చేదాన్ని, వాళ్ళు మళ్ళీ పోయి పడుకునేవాళ్ళు. బదులుగా వరసలో మా బిందెలు మూలింటామె పెట్టేది. అంతకుముందు ట్యాంకరొచ్చిన రోజు పాపను చంకనేసుకొని ఎండలో గంటలు గంటలు నిలబడేదాన్ని, పాలిచ్చే వేళ తప్పిపోయేది. ఇప్పుడు ఇంట్లో గోడకానుకొని నిదానంగా ఇచ్చేదాన్ని.

అత్త మాత్రం, "ఉరికితే ఉరికినావు, ఒకరికన్నా పనికొచ్చె," అనేసి ఊరుకుంది. పాలు ఇంకిపోతాయన్న మాట వెనక్కి తీసుకోలేదు.

పదో నెల తూకం రోజు వచ్చింది. పాప కాళ్ళు ఆడిస్తుంటే ముల్లు నిలవడానికి చాలాసేపు పట్టింది. చివరికి నిలిచింది, పోయిన నెల దగ్గరే. తగ్గలేదు, పెరగలేదు. అంగన్‌వాడీ ఆమె రాసుకొని, "ఇంగ పై తిండి పెట్టు," అంది. ఇంటికి వచ్చేదాకా పాప తల మీద చెయ్యి తీయలేదు. వచ్చి అత్తతో చెప్పాను, పెరగలేదని, రేపటి నుంచి పరిగెత్తనని, బెంగళూరు కూడా పోనని. సంతోషిస్తుందనుకున్నాను.

అత్త చేటలో కొర్రలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. "తగ్గిందా?"

"తగ్గలేదు."

"ఈ ఎండాకాలం ఈ సీమలో తగ్గకుండా నిలబడింది ఏముండాదో చెప్పు. చెరువా, గొడ్లా? మీ మామ ఉన్నప్పుడు బోరులో నీళ్ళు అట్లనే నిలబడితే చాలు, టెంకాయ కొట్టేవాడు." చేట కింద పెట్టింది. "నువ్వు ఇంట్లో కూచొని బిడ్డ మొగం చూసి ఏడిస్తే దాని బరువు పెరుగుతాదా? రాగి జావ నేను పెడతా. నువ్వు పొద్దెక్కకముందే వచ్చేయ్."

బెంగళూరుకు అందరం బస్సులో పోయాం. నేను, మా ఆయన, అత్త, పాప. పరుగు మొదలయ్యే ముందు కడుపునిండా పాలిచ్చాను. దారి పొడుగునా నీళ్ళ గ్లాసులు అందిస్తున్నారు. నా పక్కన పరిగెత్తేవాళ్ళు రెండు గుక్కలు తాగి మిగిలినవి నెత్తిన పోసుకుంటున్నారు. నాకది చేతకాలేదు. ప్రతిచోటా నిలబడి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగి, అప్పుడు కదిలాను. ఆలస్యం చాలానే అయింది.

పదిహేనో కిలోమీటరు దాటాక రొమ్ములు బరువెక్కాయి. పద్దెనిమిదో దానికి బనీను ముందంతా తడిసిపోయింది. మొదట చెమటనుకున్నాను. పాలని తెలిశాక, సిగ్గుపడాల్సింది పోయి, అంతమందిలో నవ్వుకుంటూ పరిగెత్తాను.

గీత దాటాక ఎవరో మెడలో పతకం వేశారు. అత్త మైదానం అంచున దుప్పటి పరుచుకొని కూర్చుంది. ఒళ్ళో పాప ఏడుస్తోంది. నేను పోయి కూలబడి పాపను అందుకున్నాను.

"ఆ బిళ్ళ తీసి పక్కన పెట్టు, బిడ్డ మొగానికి గుచ్చుకుంటాది," అంది అత్త, తన కొంగు తీసి నాకు కప్పుతూ. పాప గుటకలు మింగుతుంటే చూసి, నా తడిసిన బనీను చూసి, "జరుగు, రెండో పక్కకు మార్చు. ఒట్టిగనే కారిపోతాంది," అంది.