వానకోటుకు మినహాయింపు

మా సార్ పోయారు. పొద్దున నేను మెట్రోలో ఉండగా వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, పాపా నహీ రహే," అంది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి హిందీయే వస్తుంది. కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. "అచ్ఛా, అచ్ఛా" అంటూ విన్నాను. ఏడుపు రాలేదు. దిగాల్సిన స్టేషన్ దాటిపోయిందని తర్వాత తెలిసింది.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. వానకోట్లు, గుడారాలు, కొండలెక్కేవాళ్ల జాకెట్ల మీద నీళ్లు నిలవకుండా పూసే రసాయనాలు ఎంతవరకు వాడొచ్చో హద్దులు రాసే ప్రభుత్వ కమిటీలో ఆయన అధికారి. ఆ పూతల్లో కొన్ని ఒక పట్టాన నశించవు. ఉతికిన నీళ్లతో కాలవలోకి, అక్కడి నుంచి మట్టిలోకి, చివరికి మన ఒంట్లోకి చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. నేను ఫరీదాబాద్‌లో ఒక ల్యాబ్‌లో అలాంటి బట్టలు పరీక్షిస్తాను. ఆ కమిటీలో చాలా ఏళ్లు ఆయన పక్క కుర్చీ నాది.

కమిటీ పనంతా ఇంగ్లీషులోనే. లంచ్‌లో సార్ పెరుగన్నం డబ్బా మూత పెట్టేసి, కంపెనీలు పంపిన సవరణల కాగితం నా ముందుకు తోసేవారు.

"ఏదీ, ఈ వాక్యం తెలుగులో చెప్పమ్మా. మీ అమ్మకి ఫోన్లో చెప్తున్నట్టు చెప్పు. నోరు తిరగలేదంటే అందులో ఎవడో ఏదో దాచేడన్నమాట."

నేను తడుముకుంటూ చెప్పేదాన్ని. ఆయన కాకినాడ మనిషి. "మీ వరంగల్ తెలుగులో ఏ కంపెనీవాడూ దాక్కోలేడు," అని నవ్వేవారు. అలా మేం పట్టుకున్న లొసుగులు తక్కువేం కాదు.

ఒక్క వాక్యాన్ని మాత్రం అలా చదవలేదు. అది ఆయన స్వయంగా రాసింది. మంటలార్పేవాళ్లకు, మంచులో కాపలా కాసే సైనికులకు ఆ పూత తప్పదని, వృత్తిపరమైన వాడకానికి తయారైన వస్తువులకు ఈ హద్దులు వర్తించవని రాశారు. న్యాయంగానే అనిపించింది. అందరం తలూపాం.

ఆ తర్వాతి వర్షాకాలంలో ఒకరోజు బజార్లో కొన్న చిన్న నీలం వానకోటు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చారు. దాని మీద కుందేలు బొమ్మలున్నాయి. కాలరు తిప్పి లోపలి చీటీ చూపించారు. వృత్తిపరమైన వాడకానికి అని ఉంది.

"చూసేవా? ఐదేళ్ల పిల్లకి ఏం వృత్తమ్మా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"ఆ కంపెనీవాణ్ణని ఏం లాభం? సందిచ్చింది నేనే."

పరీక్ష చేస్తే ఆ కోటు నిండా అదే పూత. ఇక అప్పటి నుంచి ఆయనకు అదొక్కటే పని. ఆ మినహాయింపు ఎవరెవరికి వర్తిస్తుందో పేరుపేరునా రాసి, మిగతా అందరికీ తీసేయాలని సవరణ పెట్టారు. అది ఎజెండాలోకి వచ్చేది, సమయం చాలక వెనక్కి పోయేది. ఈలోగా రిటైరయ్యారు. ఢిల్లీలో ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్ ఖాళీ చేసి నోయిడా ఫ్లాట్‌కి మారారు. ప్రతి శనివారం ఫోన్ చేసేవారు.

"మనది ఎంతవరకూ వచ్చిందమ్మా?"

"ఎజెండాల ఉన్నది సార్."

"ఎన్నోది?"

"చివరిది సార్."

"ఠీక్ హై. ఉందిగా," అనేవారు.

నిజం చెప్పాలి. ఒక్కోసారి విసుగొచ్చి ఫోన్ ఎత్తేదాన్ని కాదు. ప్రతివారం అదే జవాబు చెప్పడానికి నాకే సిగ్గుగా ఉండేది. ఆయన పోవడానికి ముందు శనివారం కూడా ఎత్తలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఆయన పోయిన పది రోజులకు కమిటీ సమావేశం జరిగింది. అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. ఆయనతో ఎప్పుడూ గొడవపడే కంపెనీ ప్రతినిధి కళ్లు తుడుచుకున్నాడు, నటన కాదది. తర్వాత టీ వచ్చింది. ఒక్కో అంశం మీద ఎవరి వాదన వాళ్లు సాగదీశారు. చివరికి చైర్మన్ గారు గడియారం చూసి, "టైమ్ నహీ బచా. లాస్ట్ వాలా అగ్లీ బార్ లే లేతే హై," అన్నారు. అలా మళ్లీసారికి వాయిదా పడ్డ ఆ లాస్ట్ వాలా ఆయన సవరణే. అందరూ ఫైళ్లు సర్దుకోసాగారు. నేను లేచి ఒక్క మాట అనొచ్చు. పొద్దుటి నుంచీ కూర్చుని అలిసిపోయి ఉన్నాను. నేనూ ఫైలు మూసేశాను. సంతాప తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా ఆమోదించాం.

బయట వాన పడుతోంది. బస్టాప్ రేకు కింద ఒక తల్లి తన పాపకు వానకోటు జిప్పు గడ్డం దాకా లాగుతోంది. కొత్త కోటు, పసుపుపచ్చది. పాప టోపీ తాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. "చబావో మత్, బేటా," అని తల్లి తాడు లాగేసింది. ఆమెతో ఏదో చెప్పాలని నోరు తెరిచాను, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. బస్సు వచ్చింది. మెట్లెక్కుతూ పాప మళ్లీ ఆ తాడు నోట్లో పెట్టుకుంది.