ఆ తెల్ల లైటు కింద జీడిపప్పు

మొన్న ఫోన్లో అడిగేరు కదమ్మా, "మామ్మా, పనికెందుకు ఎల్లట్నేదు?" అని. అప్పుడు సెప్పలేకపోయేను. ఇప్పుడు సెప్తన్నాను, ఇనండి.

మన పలాసలో జీడిపప్పు ఫేక్టరీలో నాది పప్పు ఏరే పని. తెల్లపప్పు ఒక పక్కకి, ఏపినప్పుడు రవ్వంత కమిలింది ఇంకో పక్కకి. ఆ కమిలింది నల్లగా ఉండదర్రా, పాలల్లో టీ సుక్క పడినట్టుంటాది. మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు కూడా ఆ బల్ల దగ్గరే కూసున్నాను. నా సేతి డబ్బా ఏనాడూ ఎనక్కి రానేదు.

పాత ట్యూబులైట్లు పీకేసి కొత్త ఎల్ఈడీలు ఏసేరు. అబ్బో, ఎలుతురంటే ఎలుతురు! నేల మీద సూది కనిపిస్తాది. పప్పు మాత్రం అంతా ఒకటే తెలుపు, సున్నం కొట్టినట్టు. తెల్లపప్పులో కమిలింది కలిసిపోయిందని డబ్బాలు తిరిగొచ్చేసేయి. అందరివీ వచ్చేయి గాని, ముసలిదాన్ని నానే కదా, నా మీద పడ్డారు.

"ఏటప్పా, కళ్ళల్లో జీడి పోసుకున్నావేటి?" అని పక్కనోళ్ళు ఒకటే నవ్వు.

గుప్పెడు పప్పు ఎండలోకి తీసుకెల్లి సూసేను. కమిలింది కమిలినట్టే తెలిసిపోయింది. లైట్లేసిన మేస్త్రీని అడిగేను.

"ఇది నీలం కలిసిన తెలుపప్పా. ఎచ్చటి తెలుపని ఇంకోటుంటాది. ఏదైనా గాని, సవకరకమైతే రంగులు సరిగ్గా సూపించదు. ఎలుతురు ఏరు, రంగు ఏరు" అన్నాడు.

ఓనరు బాబు దగ్గరికెల్లి, "బాబూ, మా బల్ల మీద ఒక్క మంచి లైటు ఏయించండి" అన్నాను.

"లైటుకేటైందే? పట్టపగల్లాగున్నాది! ముందు నీ కళ్ళు బాగుసేయించుకో."

సేయించుకున్నాను. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకున్నాను. కట్టు ఇప్పేక మందారపువ్వు సూసి, ఇంత ఎరుపా అని ఏడుపొచ్చింది. ఆశ పుట్టింది. తీరా బల్ల దగ్గర కూసుంటే మళ్ళీ అదే సున్నం. జబ్బు నా కళ్ళది కాదని అప్పుడు తెలిసింది. కళ్ళదైతే మందుండేది కదమ్మా.

అంతలోకి రంగు సూసి పప్పు ఏరే మిషను తెచ్చేరు. మమ్మల్ని ఇంటికెల్లిపొమ్మన్నారు. ఎల్తా ఎల్తా దగ్గరికెల్లి తొంగి సూసేను. ఆ లైట్ల మేస్త్రీయే దాన్ని బిగిస్తన్నాడు. లోపల ఒక లైటున్నాది. దాని కింద ఆ టీ సుక్క రంగు ఎంత సక్కగా తెలస్తన్నాదో!

"ఇదేటి మేస్త్రీ, ఈ లైటు?"

"మంచిదే ఏయాల కదప్పా. లేపోతే మిషను తప్పు ఏరుతాది."

అతగాడు మూత ఎట్టి బిగించీదాకా అక్కడే నిలబడి సూసేను.