తలుపు మూశాక వినిపించిన పాట

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు చిరాకండి. బియ్యం వ్యాపారం చేసుకునేదాన్ని, వాటికి నాకు తీరికెక్కడిది? ఇది మాత్రం జరిగింది జరిగినట్టు చెప్తాను.

నరసాపురం దగ్గర మా గోడౌన్ ఒకప్పుడు, ఇంగ్లీషువాళ్ళకంటే ముందొచ్చిన దొరలు కట్టుకున్న చర్చి. వాళ్ళు వెళ్ళాక కొన్నాళ్ళు బడి నడిచిందట, తర్వాత ఉప్పు నిలవ చేశారట. మా తాత కొన్న దగ్గర్నుంచీ బియ్యం బస్తాలే. శిలువ ఉండే చోట ఇప్పుడు కాటా ఉంది. అయినా మా హమాలీలు ఇప్పటికీ గుమ్మం బయటే చెప్పులు విడిచి లోపలికెళ్తారు.

దాంతో మాకో అలవాటైపోయింది. పురుగు పట్టకుండా బస్తాల మధ్య విషం బిళ్ళలు పెట్టి తలుపులు మూసేముందు, బయట చెప్పులు చూస్తాం. లేకపోతే లోపల మనిషి లేనట్టే.

పోయిన వేసవిలో ఒక బుధవారం మధ్యాహ్నం అలాగే చూశాను. ఒక్క జతా లేదు. తాళం వేశాను. బిళ్ళల విషగాలి బయటికి పోకుండా మేస్త్రి సూరయ్య తలుపు సందులకి కాగితాలు అంటిస్తున్నాడు.

అప్పుడు లోపల్నుంచి పాట మొదలైంది. ఒకరిద్దరు కాదు, చాలామంది, నెమ్మదిగా. తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. ఎవడో ఫోన్ మర్చిపోయాడని ముందు ఒళ్ళు మండింది. సూరయ్య మొహం చూశాక భయమేసింది.

"అమ్మా, తలుపు తీయండి," అన్నాడు.

అంటించిన కాగితాలు చింపేసి తాళం తీశాను.

తలుపు తీయగానే పాట ఆగిపోయింది. బస్తాల వెనక మా నాన్న స్పృహ లేకుండా పడున్నారు. నేను లారీ డ్రైవరుతో మాట్లాడుతుండగా సరుకు చూసుకోడానికి వెళ్ళారట, షుగర్ పడిపోయింది. కాళ్ళకి చెప్పులున్నాయి. పాదం మీద పుండుంది, వట్టి కాళ్ళతో నడవొద్దని డాక్టరు గారు చెప్పారు. ఆ చెప్పులు కొనిచ్చింది నేనే. నా బుద్ధి గడ్డి తిన్నదా అని ఇప్పటికీ ఏడుస్తుంటాను. ఆ బిళ్ళల మధ్య ఇంకాసేపుంటే నాన్న దక్కేవారు కాదు.

అప్పుడు ఊళ్ళో కరెంటు లేదు. చుట్టుపక్కల మైకుల్లేవు. తర్వాత లోపలంతా వెతికించాను, ఫోనూ దొరకలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో నాన్న కళ్ళు తెరిచారు. పాట సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. నేను చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే విసుక్కున్నారు.

"అంత బాగా పాడుతుంటే మధ్యలో తలుపు తీశావేంటమ్మా?"

వాళ్ళు నన్ను పిలిచారో, నాన్నని సాగనంపుతున్నారో నాకు ఇప్పటికీ తెలీదు. కోలుకున్నాక ఆయన రోజూ గోడౌన్ తాళంచెవి అడుగుతున్నారు. నేను ఇవ్వడం లేదు.