గోడ వైపు తిరిగి వాయించింది నేను కాదు

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని చాలాకాలంగా ప్రయత్నిస్తున్నాను. మా బ్యాండ్ వాళ్లు వినలేదు. గిటార్లు వాయించేవాళ్ల ఇంటర్నెట్ గ్రూపులో వివరంగా రాస్తే ఒకడు నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. ఇంకొకడు నేను ఏ కంపెనీ తీగలు వాడతానని అడిగాడు. నాకు ఆ బాస్ గిటార్ అమ్మినావిడకు ఎన్నో మెసేజీలు పెట్టాను. అన్నీ చూసింది. ఒక్క ముక్క తప్ప ఏమీ రాయలేదు. ఆ ముక్క ఏమిటో చివర చెబుతాను.

నన్ను దయ్యాల భక్తుడని అనుకోవద్దు. ఉప్పల్‌లో మేం మొదట అద్దెకు దిగిన ఇంట్లో ఎవరో ఉరేసుకున్నారని పక్కవాళ్లు చెబితే, అలాగైతే అద్దె తగ్గించండని ఇంటాయన్ని అడిగినవాణ్ణి. ఆయన తగ్గించలేదు. అది వేరే గొడవ.

ఉద్యోగం ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో. బాస్ నా సరదా. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, బాస్ అంటే నాలుగు లావు తీగలుండే గిటార్. పాటకు అడుగున ఉంటుంది. మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం ఏదో తగ్గిందని అటూ ఇటూ చూస్తారు. దాన్ని వాయించే మనిషి సంగతీ అంతే. మా బ్యాండ్ ఫోటోల్లో సగానికి పైగా నేను డ్రమ్స్ తాళాల స్టాండు వెనక ఒక భుజంగా కనిపిస్తాను.

నా మొదటి బాస్ హబ్సిగూడలో ఒక షాపులో కొన్నాను. అక్కడి సేల్స్‌మన్ నాకు ఒకటి చేతిలో పెట్టి, మామూలు గిటార్ కొనడానికి వచ్చిన వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. బాస్ కేబుల్‌తో తగిలించి విని చూసుకునే యాంప్, అంటే స్పీకరు పెట్టె, అట్టపెట్టెల కింద ఉందట, తీయడం కష్టమట. వినకుండానే కొన్నాను. ఇంటికొచ్చి మెడలో వేసుకుంటే దాని మెడ బరువుకు నేలవైపు వాలిపోయేది. ఎడమచెయ్యి వాయించడానికి కాక మోయడానికే సరిపోయేది. వెనక్కి తీసుకెళితే "అట్లనే ఉంటది సార్, అలవాటైతది" అన్నాడు. అతని పేరు నాకింకా గుర్తుంది.

తర్వాత ఏఎస్ రావు నగర్‌లో చిన్న యాంప్ కొన్నాను. ఇంట్లో బ్రహ్మాండంగా మోగింది. డ్రమ్స్ పక్కన పెట్టగానే దాని గొంతు చచ్చిపోయింది. దాన్ని అమ్మి పెద్దది తీసుకున్నాను. ఇన్ని దెబ్బలు తిన్నాక ఇంక కొత్తవి వద్దు, ఎవరైనా మనసుపెట్టి వాయించిన పాత బాస్ కొనాలని నిర్ణయించుకున్నాను.

అలా ఒక ప్రకటన చూసి రామంతాపూర్ వెళ్లాను. చెరువు వైపు సందులో పాత డాబా. అమ్మేది సునంద గారని ఒకావిడ, యాభై దాటి ఉంటుంది. బాస్ ఆమె తమ్ముడిదట. లోపలి గదిలోకి తీసుకెళ్లింది. గదంతా ఖాళీ. ఒక మూల కుర్చీ ఉంది, గోడకు ఎదురుగా, మోకాళ్లు గోడకు తగిలేంత దగ్గరగా. కూర్చుని వాయించి చూద్దామని దాన్ని ఇటు తిప్పబోయాను.

"అట్లనే ఉండనియ్ తమ్మీ," అంది ఆమె. "వాడు గోడకే తిరిగి కూసుంటుండె. మనుషుల మొఖాలు సూస్తే వేళ్లు ఆడయ్ అంటుండె."

నేను నిలబడే వాయించాను. చేతికి సరిగ్గా అమరింది. బరువు ఎటూ వాలలేదు. ఒక్కటే లోపం. అన్నిటికన్నా లావు తీగను మెడ మధ్యలో ఒకచోట నొక్కితే సన్నగా జిర్రుమంటుంది. బాగుచేయించుకుంటానన్నాను.

"గా చప్పుడు తీపియ్యకు. వానికి గదే ఇష్టం."

'ఇష్టముండె' అనలేదు, 'ఇష్టం' అంది. అప్పుడు నేనది పట్టించుకోలేదు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే "ఇగ ఇంట్ల పెట్టుకునుడు ఎందుకని" అని మాత్రం చెప్పింది. తమ్ముడు ఎక్కడున్నాడని నేను అడగలేదు. బాస్ నచ్చినవాడికి వేరే ప్రశ్నలు తోచవు.

మా బ్యాండ్‌లో ముగ్గురం. పాడుతూ గిటార్ వాయించేది ప్రవీణ్, నా వయసువాడే. డ్రమ్స్ శరత్, మాకన్నా చిన్నవాడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో శరత్ వాళ్ల నాన్న మల్లేశం గారికి చిన్న వర్క్‌షాప్ ఉంది. దాని మీది గదిలో మా సాధన. బయటనుంచి ఇనుప మెట్లు. కింద లేత్ మిషన్లు తిరుగుతుంటే మా గది నేల కూడా వణుకుతుంది. సాధనకైతే ఫరవాలేదు గానీ రికార్డింగ్ కుదరదు. ఆ మిషన్లు పూర్తిగా ఆగేది ఆయుధ పూజ నాడే. పూజ అయ్యాక మర్నాటిదాకా ఎవరూ స్విచ్ ముట్టుకోరు. అందుకని మా పాటలు రికార్డు చేసుకునేది ఏటా ఆ మధ్యాహ్నమే.

ఆ రోజు మల్లేశం గారు కింద మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టి, పళ్లెం పట్టుకుని పైకి వచ్చారు. డ్రమ్స్‌కు ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టారు. ప్రవీణ్ గిటార్‌కు పెట్టారు. మైకు స్టాండుకు, స్టూలు మీద పెట్టిన రికార్డర్‌కు, చివరికి ఫ్యాన్ రెగ్యులేటర్‌కు కూడా పెట్టారు. నా బాస్ మూలలో గోడకు ఆనించి ఉంది. దాన్ని దాటి వెళ్లిపోయారు.

"అంకుల్, నాది?" అన్నాను.

"అన్నిటికి పెట్టిన గద బిడ్డా. ఇంకోటి ఉన్నదా?" అంటూనే ఆయన మెట్లు దిగిపోయారు. కింద గుమ్మడికాయ కొట్టడానికి ఎవరో పిలుస్తున్నారు.

శరత్ నవ్వాడు. "ఇనవడని దానికి బొట్టెందుకే అన్నా!"

ఇది చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. ఫ్యాన్ రెగ్యులేటర్ తర్వాత కూడా మీ వంతు రాకపోతే అప్పుడు మాట్లాడదాం. నేను యాంప్ స్విచ్ ఆపాను. కేబుల్ ఊడదీసి చుట్టి బ్యాగు జేబులో పెట్టాను. బాస్ బ్యాగులో పెట్టి జిప్ వేసి, భుజాన వేసుకుని కిందికి దిగాను. ఎవరూ ఆపలేదు. ప్రవీణ్ గిటార్ శ్రుతి చేసుకుంటున్నాడు, శరత్ పెడల్ బిగించుకుంటున్నాడు. నేను వెళ్లడం వాళ్లు చూడలేదని ఇప్పుడు వాళ్లే అంటారు. ఆ ఒక్కటీ నమ్ముతాను.

రోడ్డుకు అవతల యాదగిరి టీ కొట్టు ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చున్నాను. బాస్ నా ఒళ్లో ఉంది. కాసేపటికి పైన పాట మొదలైంది.

"మీవోళ్లు షురూ జేసిన్రు, నువ్వీడ ఉన్నవేందన్నా?" అన్నాడు యాదగిరి.

"నేను లేకపోయినా వాళ్లకు నడుస్తుంది."

"మస్తు నడుస్తుంది. సూడు, గ్లాసులు ఊగుతున్నయ్."

బల్ల మీద బోర్లించిన గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. అవి రోజూ ఊగేవే, కింద మిషన్లు తిరిగితే. ఆ రోజు మిషన్లు ఆగి ఉన్నాయన్న సంగతి నాకు ఆ క్షణంలో తట్టలేదు. పైగా, చెప్పడానికి కడుపు మండుతుంది గానీ, పాట ఇవాళ భలే కుదిరిందే అనుకున్నాను. ఎందుకు కుదిరిందో ఆలోచించలేదు. బాస్ వినిపిస్తుంటే ఎవరూ గమనించరని ముందే చెప్పాను కదా.

పాట అయిపోయాక, ఇంక నన్ను వెతుక్కుంటారులే అనుకుని పైకి వెళ్లాను. ప్రవీణ్ ఎదురొచ్చి గట్టిగా వాటేసుకున్నాడు.

"మామా, ఏం వాయించినవ్ రా! ఇన్నొద్దులు యాడ దాసిపెట్టినవ్?"

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. శరత్ నా భుజాన ఉన్న బ్యాగు చూసి, "అప్పుడే ప్యాక్ జేసినవా అన్నా? ఇంకో పాట ఉండె గద," అన్నాడు.

నేను కింద టీ తాగుతున్నానని చెప్పాను. ఇద్దరూ నవ్వారు. స్టూలు మీది రికార్డర్ తీసి అక్కడికక్కడే వినిపించారు. ఎవరూ ఇంటికి తీసుకెళ్లి కంప్యూటర్లో ఏమీ కలపలేదని నాకు తెలుసు, నా కళ్లముందే మీట నొక్కారు.

అందులో బాస్ ఉంది. నేను వాయించే తీరు కాదు. నేను తాళంతో పాటు నడుస్తాను. అది తాళానికి ఒక వెంట్రుకవాసి వెనక నడిచింది, ఏ తొందరా లేనట్టు. పాట సగంలో లావు తీగ మీద మెడ మధ్యకు వచ్చినప్పుడు జిర్రుమంది. వచ్చిన ప్రతిసారీ జిర్రుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. అది నా భుజాన ఉన్న బాస్‌ది.

"ఇది ఎవరు వాయించారు?" అన్నాను.

"నువ్వే కదరా. గా మూలకు గోడకు తిరిగి నిలవడ్డవ్, మా మీద అలిగి," అన్నాడు ప్రవీణ్.

రామంతాపూర్ గదిలోని కుర్చీ గురించి నేను వీళ్లకు ఎన్నడూ చెప్పలేదు.

"నా మొహం చూశారా?"

"గోడకు తిరిగినోని మొఖం ఎట్ల కనిపిస్తదన్నా?" అన్నాడు శరత్.

"చొక్కా రంగు చెప్పండి."

ఇద్దరూ ముందు నా చొక్కా వైపు చూశారు. చూశాక నీలం అన్నారు. ఇదీ వాళ్ల సాక్ష్యం.

మూలకు వెళ్లాను. యాంప్ ఎర్రదీపం వెలుగుతోంది. వెనక చెయ్యి పెడితే వేడిగా ఉంది. దానికి ఏ కేబులూ తగిలించి లేదు. కేబుల్ నా బ్యాగు జేబులో నేను చుట్టినట్టే ఉంది.

యాదగిరిని పిలుచుకొచ్చి చెప్పించాను. "అన్న నా బెంచి మీదనే ఉన్నడు, సంచి ఒళ్లె పెట్టుకొని" అన్నాడతను. నేను డబ్బులిచ్చి చెప్పించానని శరత్ జోక్ వేశాడు.

ఆ పాట విని హబ్సిగూడలో ఒక కేఫ్ వాళ్లు మమ్మల్ని పిలిచారు. మాకు దొరికిన మొదటి అవకాశం అది. దాని కోసం సాధన మొదలుపెట్టాం. 'ఆ రోజు లెక్కనే వాయించు' అని ఒకటే పోరు. రికార్డు పెట్టుకుని ఒక్కొక్క స్వరం నేర్చుకున్నాను. స్వరాలు వచ్చాయి, ఆ నడక రాలేదు. సిగ్గు విడిచి గోడ వైపు తిరిగి కూడా వాయించాను. వినిపించింది నేనే, ఎప్పటి నేనే. నేను కాదు మొర్రో అని మళ్లీ చెబితే ప్రవీణ్ విసుక్కున్నాడు.

"నీకు వస్తలేదంటే వస్తలేదని చెప్పు. దయ్యం మీద ఎందుకు పెడ్తవ్?"

కేఫ్‌కు వేరే బాసిస్టును పెట్టుకున్నారు. ఇప్పుడూ అతనే ఉన్నాడు. ఆ పాటను ఇంటర్నెట్‌లో పెట్టి కింద బాస్ అని నా పేరు వేశారు. ఇన్నేళ్లలో నా పేరు వేసింది అదొక్కసారే, అదీ తప్పుగా వేశారు. తీసేయండని రాశాను. తీయలేదు.

యాంప్‌లు బాగుచేసే మెకానిక్ దగ్గర్నుంచి మా ఆఫీసులో ఇంజినీర్ల దాకా అడిగాను. యాంప్ దానంతటది ఆన్ అవ్వచ్చన్నారు. రికార్డర్‌లో పాత సాధన మిగిలి కలిసిందేమో అన్నారు. కొత్త పాట అది, అంతకు ముందు వాళ్లిద్దరే సాధన చేస్తుంటే విన్నాను, బాస్‌తో మేం దాన్ని ఒక్కసారి కూడా వాయించలేదు. బాస్ మా ఇంట్లో మూలన ఉంది. అమ్మలేదు, ఆ జిర్రు బాగుచేయించలేదు.

ఇక ఆ ఒక్క ముక్క. పాటను సునంద గారికి పంపి, ఇది ఎవరి చెయ్యో మీకు తెలుసా అని అడిగాను. విన్నట్టు ఫోన్‌లో గుర్తు పడింది. చాలాసేపటికి ఇలా వచ్చింది: "ఇంకోటి ఉన్నదా తమ్మీ?"

అంతే. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఇంటికి వెళితే కిటికీ తెర కదిలింది గానీ తలుపు తీయలేదు.

సునంద గారూ, ఇంకోటి లేదు. ఉంటే పంపేవాణ్ణి. మీరు ఆ చెయ్యి గుర్తుపట్టారు, లేకపోతే ఇంకోటి అడగరు. నా బ్యాండ్ పోయింది, నేను అబద్ధాలకోరునని ముద్ర పడింది. అవన్నీ మీరు తీర్చక్కర్లేదు. నేను మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దానికి జవాబివ్వండి చాలు. ఆయుధ పూజ నాటి మధ్యాహ్నం మీ తమ్ముడు ఎక్కడున్నాడు?